అరటి దూట మాట్లాడిన రోజు

నాలుగు నెలల పాటు నేను చాలా మాట్లాడాను. మా ఆవిడతో కబుర్లు చెప్పాను, డాక్టర్లను మెచ్చుకున్నాను, మేనకోడలి పెళ్ళికి ఆశీస్సులు పంపాను. పత్రికలవాళ్ళు వస్తే విజ్ఞానశాస్త్రం గొప్పతనం గురించి రెండు ముక్కలు కూడా సెలవిచ్చాను. అందులో ఒక్క మాట కూడా నాది కాదు.

నా పేరు జోగారావు. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై రెండేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి అనకాపల్లిలో రిటైరయ్యాను. రిటైరైన రెండో ఏడు, ఒక ఆదివారం పొద్దున్న పేపరు చదువుతూ చదువుతూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాను. మెదడు అడుగున, వెన్నుతో కలిసేచోట, ఓ రక్తనాళం పూడుకుపోయిందట. అప్పటినుంచి ఒంట్లో నేను చెప్పినట్టు వినే అవయవం ఒక్కటీ లేదు. రెప్ప కూడా ఎత్తలేను. చెవులు మాత్రం ఇదివరకటి కన్నా బాగా పనిచేస్తున్నాయి. చూసేవాళ్ళకి నేను నిద్రపోతున్న మనిషిని. లోపల మాత్రం పూర్తిగా మేలుకుని ఉన్నాను, పైగా చాలా విసుగ్గా ఉన్నాను.

ఆస్పత్రులన్నీ చేతులెత్తేశాక, మా ఆవిడ నూకరత్నం నన్ను విశాఖపట్నంలో ఒక నాడీ పరిశోధన కేంద్రానికి తీసుకొచ్చింది. కొండవాలు మీద చిన్న భవనం, వెనకే రోగుల తాలూకు మనుషులు వండుకు తినడానికి నాలుగు గదులు. అక్కడ డాక్టర్ ఉమాపతి అనే ఆయన నాలాంటివాళ్ళ కోసం ఒక పట్టీ తయారుచేశాడు. మనిషి మనసులో ఒక మాట అనుకున్నప్పుడు చేతి కండరాలు కంటికి కనిపించనంతగా అదురుతాయట. ఎడమ మణికట్టుకు కట్టిన పట్టీ ఆ అదురు పట్టుకుని కంప్యూటరుకు పంపుతుంది. కంప్యూటరు దాన్ని మాటలుగా పేర్చి, నా పాత ఫోనులో దొరికిన వాయిస్ మెసేజీల సాయంతో నా గొంతుతోనే పలుకుతుంది.

మొదటి వారం అది ముక్కలు ముక్కలుగా ఏదో గొణిగింది. ఆ తర్వాత ఒకరోజు రత్నం ఉండబట్టలేక నా చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, నేనండీ, రత్నాన్ని. నా మాట వినపడతా ఉందా?"

తలగడ పక్కనున్న స్పీకరు రెండు క్షణాలు ఆగి, అచ్చం నా గొంతుతో అంది: "వినబడుతోంది రత్నం."

రత్నం గొల్లుమంది. నేనూ లోపల ఎగిరి గంతేశాను. అయితే ఒక చిన్న చిక్కు. ఆ జవాబు నేనింకా అనుకోలేదు.

నిజం చెప్పాలి కదా, రెండు రోజులు నేను కూడా నమ్మాను. నా కన్నా ముందే నా మనసును పట్టేసుకుంటోంది కాబోలు, యంత్రమంటే మజాకానా అని సరిపెట్టుకున్నాను. మూడో రోజు సాయంత్రం రత్నం, "టీవీలో సీరియల్ పెట్టమంటారా?" అంది. "పెట్టు రత్నం, నాకూ కాలక్షేపం" అన్నాను. అంటే, స్పీకరు అంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ సీరియళ్ళ పాట వినగానే లేచి వీధి అరుగు మీదకి వెళ్ళిపోయే మనిషిని నేను. అప్పుడు అర్థమైంది, అక్కడ మాట్లాడుతున్నది నేను కాదని.

గొంతు నాదే. స్వభావం మాత్రం నాకన్నా చాలా మంచిది. "భోజనం చేశావా రత్నం?" అని రోజూ అడిగేది. కాపురం మొత్తం మీద నేనామాట రెండుసార్లు అడిగి ఉంటానేమో. ఫిజియోథెరపీ కుర్రాడు నా భుజం విరిచేస్తుంటే "హాయిగా ఉంది బాబూ" అనేది. నేను లోపల గుక్కపట్టి ఏడుస్తుంటే అది వాడికి థాంక్స్ చెప్పేది.

డాక్టర్ ఉమాపతి గమనించింది ఏమిటంటే, రత్నం చెయ్యి పట్టుకుంటేనే నేను మాట్లాడతాను, వదిలేస్తే గొణుగుడే. ఆయన దానికి ఆత్మీయ స్పర్శ ప్రభావం అని పేరు పెట్టాడు. ప్రేమగల మనిషి తాకితే అణగారిన నాడులు మేలుకుంటాయని ఆయన ఊహ. అందమైన ఊహే. ఆయన్ని నేనేమీ అనలేను. వాళ్ళ నాన్న ఇలాగే పదకొండు నెలలు మంచాన పడి, ఏదో చెప్పాలని ఉన్నా చెప్పలేకుండానే కన్నుమూశాడట. ఆ బాధలోంచి పుట్టిన పట్టీ అది. దాంతో ఒక నిబంధన కూడా పెట్టేశారు: పట్టీ రోజంతా ఉన్నా, మాట్లాడించేటప్పుడు మాత్రం ఆప్తులెవరో ఒకరు చెయ్యి పట్టుకుని కూర్చోవాలని. నలభై మూడు కుటుంబాలు తమవాళ్ళకీ ఆ పట్టీ కట్టమని పేర్లు రాయించుకున్నాయి.

ఇవన్నీ ఒక ఎత్తు. రత్నం వాళ్ళమ్మ సంగతి ఒక ఎత్తు.

పదిహేడేళ్ళ కిందట బొబ్బిలిలో మా అత్తగారికి సీరియస్ అని కబురొచ్చింది. రత్నం ఆఫీసుకి ఫోన్ చేస్తే, జీపు పాడైందని చెప్పాను. తను ఒక్కతే రెండు బస్సులు మారి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆ సంగతి రత్నం నన్నెప్పుడూ నిలదీయలేదు. ఏడాదికోసారి తద్దినం రోజున మాత్రం నాకు వడ్డించి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయేది.

ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని కూర్చున్నదల్లా, "మా అమ్మ పోయిన్రోజు గుర్తుందా మీకు?" అంది.

స్పీకరు అంది: "గుర్తుంది రత్నం. జీపు లేకపోతేనేం, నడిచైనా రావలసింది. నన్ను క్షమించు."

రత్నం చాలాసేపు ఏడ్చింది. అది బాధ ఏడుపు కాదు, గుండెల మీది బరువు దిగిన ఏడుపు. "ఈ ఒక్క మాట కోసం ఇన్నేళ్ళు చూశానండీ" అంది. నేను అంత దగ్గరలో ఉండి, తను నన్ను కాక ఇంకెవరినో క్షమిస్తుంటే విన్నాను. సిగ్గేసింది. నా నోటితో ఆ మాట నేనెందుకు అనలేకపోయానా అని ఏడవడానికైనా నాకు కన్నీళ్ళు రాలేదు.

ఇంతకీ నాకు తెలుసు, ఏం చేస్తే అసలు గుట్టు బయటపడుతుందో. ఏ కొట్లో అడుగుపెట్టినా నేను చేసే మొదటి పని ఒక్కటే. పళ్ళెంలో ఏమీ పెట్టకుండా కాటా చూడటం. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒకాయన పళ్ళెం అడుగున సీసం ముక్క అంటించి ఏళ్ళ తరబడి వ్యాపారం చేశాడు. ఎన్ని దిమ్మలు తూచి చూసినా బయటపడలేదు. దిమ్మ తీసేసి ఖాళీ పళ్ళెం చూస్తే ముల్లు నూటయాభై గ్రాముల దగ్గర నిలబడి ఉంది. ఇక్కడా అంతే. నన్ను తీసేసి చూడండ్రా బాబూ, అప్పుడు కూడా యంత్రం మాట్లాడుతుందేమో చూడండి! నాలుగు నెలలు లోపల గొంతు చించుకున్నాను. ఒక్కరికీ తోచలేదు.

నేను ఊరుకోలేదు. ఎవరేది అడిగినా నా సత్తువంతా కూడగట్టి ఎడమ బొటనవేలి మీదకి పంపేవాణ్ణి. కొండ మీదకి బస్తా మోసినట్టుండేది. ఏదో కొంచెం కదిలినట్టనిపించేసరికి స్పీకరు జవాబు చెప్పేసి, వాళ్ళు నవ్వుకుని, వేరే సంగతిలోకి వెళ్ళిపోయి ఉండేవాళ్ళు.

అటువంటి సమయంలో రోజ్‌లిన్ వచ్చింది.

ముప్ఫై అయిదేళ్ళ మనిషి. అదే కేంద్రంలో వేరే పరిశోధనలో ఉండేది. ఉమాపతి తన పట్టీ గురించి దేశమంతటికీ ప్రకటించబోతూ, రీడింగులన్నీ సరిచూసి నివేదిక రాయమని ఆవిణ్ణి పిలిచాడు. ఆవిడ వచ్చి నాకు నమస్కారం పెట్టలేదు, ఎలా ఉన్నారని అడగలేదు. కుర్చీ చప్పుడైంది, కాగితాలు తిప్పిన చప్పుడైంది. గంట తర్వాత నోరు విప్పింది.

"సార్, ఆంటీ లేనప్పుడు ఈయనెందుకు మాట్లాడరు?"

"ఆత్మీయ స్పర్శ ప్రభావమమ్మా. రాశాను కదా."

"అది జరిగినదానికి మీరు పెట్టిన పేరు సార్. కారణం కాదు. చెయ్యి పట్టుకున్నది ఆవిడైనప్పుడు, పట్టీకి అందుతున్నది ఎవరి చేతి అదురో మనకెలా తెలుస్తుంది?"

"నాలుగు నెలలు విన్నాం రోజ్‌లిన్. ఆయన మాట తీరు, ఆయన గొంతు..."

"గొంతు మనమే పెట్టాం. అసలు సున్నా ఎప్పుడు చూశారు సార్? పట్టీలో చెయ్యి లేకుండా?"

నేను గానీ లేవగలిగి ఉంటే ఆ క్షణాన లేచి నిలబడి సెల్యూట్ కొట్టేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే రత్నం రైతుబజారు నుంచి వచ్చింది. సంచి కింద పెట్టి ఉస్సురంది. రోజ్‌లిన్ లేచి దగ్గరికెళ్ళింది.

"ఆంటీ, ఆ సంచిలోంచి బయటికొచ్చిందేంటి? అరటి దూటా?"

"అవునమ్మా. లేతగా ఉందని తెచ్చాను. పెసరపప్పేసి వండితే బావుంటది."

"ఓ అయిదు నిమిషాలు ఇస్తారా? మళ్ళీ ఇచ్చేస్తాను. యంత్రం సున్నా చూపిస్తోందో లేదో చూడాలి."

ఉమాపతి నవ్వాడు. "కానీ, ఆ ముచ్చటా తీరనీ" అన్నాడు. దూటంటే అరటి బోదె లోపలుండే తెల్లటి కాడ, మనిషి ముంజేయంత లావుంటుంది, నిండా నీరే. నా చేతికున్న పట్టీ విప్పి దానికి చుట్టి, నా మంచం పక్క బల్ల మీద పెట్టారు.

"ఆంటీ, రోజూ సార్ చెయ్యి పట్టుకున్నట్టే దీన్ని పట్టుకోండి."

రత్నం కిసుక్కున నవ్వింది. "అరటి దూటతో కాపరం చెయ్యమంటావేటమ్మా?" అంటూ కూర్చుంది. నవ్వు ఆగింది. అలవాటుగా నావైపు చూసి ఉంటుంది.

స్పీకరు అంది: "రత్నం, భోజనం చేశావా?"

"ఎండలో వచ్చావు. కాసేపు కూర్చో" అంది మళ్ళీ, నా గొంతుతో, ఎంతో ఆప్యాయంగా.

"దీన్లో... మా ఆయన గొంతేటండీ?" అంది రత్నం. వెంటనే తనే మళ్ళీ అంది. "అంటే ఇన్నాళ్ళూ నాతో నేనే మాటాడుకున్నానా?"

రోజ్‌లిన్ చెప్పింది. "అవును ఆంటీ. మీరు ఆయన ఏమంటారనుకుంటే, మీ వేళ్ళు అదే అన్నాయి. మీరు కావాలని చేసింది కాదు. మీ తప్పేం లేదు."

"మరి మా అమ్మ సంగతి?"

"అదీ మీదే ఆంటీ."

చెప్పకుండా దాటేసి ఉండొచ్చు. ఇంకొకరైతే దాటేసేవాళ్ళే. ఆ రోజు ఆవిడ మీద నాకు కోపం రాకపోలేదు. కానీ ఇప్పుడు చెబుతున్నాను, ఆ ఒక్క మాట చెప్పినందుకు ఆవిడకి జీవితాంతం రుణపడి ఉంటాను. రత్నం సంచి తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. దూట బల్ల మీదే ఉండిపోయింది.

ఉమాపతి మర్నాడు నా గదిలోనే కూర్చుని, నలభై మూడు కుటుంబాలకీ తనే ఫోన్ చేశాడు. అసిస్టెంట్లకి అప్పజెప్పలేదు. "మేం పొరబడ్డామండీ. చెయ్యి పట్టుకున్నవాళ్ళ మాటే పట్టీ పలుకుతోంది. మీకు ఆశ పెట్టినందుకు క్షమించండి" అని ఒక్కొక్కరికీ చెప్పాడు. కొందరు తిట్టారు. ఒకావిడ అయితే ఫరవాలేదు, ఆ అబద్ధమే కావాలి, పట్టీ కట్టండి అని బతిమాలింది. రెండు రోజులు పట్టింది. తప్పు ఒప్పుకోవడానికి అంత గుండె ఉన్నవాళ్ళని నా ఉద్యోగంలో కూడా అరుదుగానే చూశాను.

అయితే మూడో రోజు నా పని అయిపోయింది. కేంద్రం పెద్దలు సమావేశమై, రోగికి స్పృహ ఉన్నట్టు ఆధారాలు లేవు, ఇంటికి పంపెయ్యొచ్చు అని రాశారు. కాగితం మీద సంతకం పెట్టించుకోడానికి ఉమాపతి దాన్ని రోజ్‌లిన్ దగ్గరికి తెచ్చాడు. అబద్ధం పోయిందని సంతోషించాను గానీ, దాంతో పాటు నన్ను కూడా తుడిచిపెడతారని అనుకోలేదు. ఇంటికెళ్తే ఇక వెతికేవాళ్ళు ఉండరు. రత్నం నన్ను కడిగి, తుడిచి, ట్యూబులో జావ పోసి, పక్కన కూర్చుని ఇంక ఒక్క మాట కూడా మాట్లాడదు.

రోజ్‌లిన్ సంతకం పెట్టలేదు.

"సార్, మొన్నటిదాకా ఆధారం లేకుండా ఈయన ఉన్నారన్నాం. ఇవాళ ఆధారం లేకుండానే లేరంటున్నాం. పట్టీ తప్పని తేలింది, అంతే. ఈయన సంగతి ఇంకా తేలలేదు."

"నువ్వే కదమ్మా ఇదంతా కూల్చింది!" అన్నాడాయన, అలసటగా.

"నేను ఆయన లేరని ఎప్పుడన్నాను? నాకు తెలీదన్నాను. ఇప్పుడూ తెలీదు. రెండు వారాలు ఇవ్వండి."

ఆ రెండు వారాలూ ఆవిడ ఎవరూ చూడని చోట వెతికింది. ఎవరైనా ప్రశ్న అడిగాక పట్టీ అయిదు సెకన్ల వరకే వినేది, ఆ తర్వాత వచ్చినదంతా చెత్త అని కత్తిరించి పక్కన పడేసేది. రోజ్‌లిన్ ఆ చెత్తంతా తెరిచింది. రత్నం లేని రోజుల్లో, నర్సులు నన్నేదైనా అడిగినప్పుడు, పద్దెనిమిది, ఇరవై సెకన్ల తర్వాత ఎడమ బొటనవేలి దగ్గర ఒక చిన్న మిణుకు. చాలా చిన్నది. "దోమ వాలినా వస్తుంది ఇది" అని తనలో తనే అనుకోవడం విన్నాను. కానీ వందల చోట్ల ఉంది. నేను మోసిన బస్తాలన్నీ అక్కడ పడి ఉన్నాయన్నమాట.

కొత్త పట్టీ బొటనవేలికి చుట్టారు. ఎవరూ ముట్టుకోకూడదు. నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టారు. "బెల్లం అని వినబడితే వేలు కదపడానికి ప్రయత్నించండి, ఉప్పు అని వినబడితే ఊరుకోండి, ఏమీ వినబడకపోయినా ఊరుకోండి" అని రికార్డు చేసిన గొంతు చెప్పింది. ఏది ఎప్పుడు వస్తుందో కంప్యూటరు చీట్లు తీసినట్టు తీస్తుంది. గదిలో ఉన్నవాళ్ళెవరికీ తెలీదు, జాబితా వేరే గదిలో సీలు వేసి ఉంది.

బెల్లం. బస్తా ఎత్తాను. మోశాను, మోశాను, పైకి చేర్చాను.

ఉప్పు. ఊరుకున్నాను.

తర్వాత ఏమీ లేదు. నిమిషం గడిచింది. ఊరుకోవడం ఇంత కష్టమని నేనెన్నడూ అనుకోలేదు. నేనున్నాను, నేనున్నాను అని అరవాలనే ఉంది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఎవరో నిజంగా వింటున్నారు, నేను నోరు మూసుకోవాలి. కానీ అదే కదా ఖాళీ పళ్ళెం! ఏమీ పెట్టనప్పుడు ముల్లు సున్నా దగ్గర నిలబడాలి. నిలబడ్డాను.

మొదటి రోజు అయ్యాక ఉమాపతి జాబితా తెప్పిస్తానన్నాడు. రోజ్‌లిన్ ఒప్పుకోలేదు. "మూడు రోజులనుకున్నాం, మూడు రోజులూ అవ్వాలి. మధ్యలో చూస్తే మనకి కావలసిన చోట ఆపేస్తాం" అంది. ఆ మొండితనానికి మురిసిపోయాను. నేనూ ఏ తూకపు రాయినీ మూడుసార్లు తూచకుండా ముద్ర వేసినవాణ్ణి కాదు.

మూడో రోజు సాయంత్రం సీలు విప్పారు. అరవైసార్లకి యాభై మూడు సరిపోయాయి. ఉమాపతి రెండుసార్లు లెక్కపెట్టి, మూడోసారి మధ్యలో ఆగిపోయాడు. రోజ్‌లిన్ మంచం దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా ఆవిడ నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు.

"సార్, మీరున్నారు. ఇంతకాలం పట్టినందుకు సారీ."

నాకు మొహం మీద ఏదో తడి తగిలింది. అది ఆవిడ కన్నీరో నాదో తెలీదు.

ఇదంతా విని రత్నం నమ్మలేదు. నమ్మకపోవడమే న్యాయం. వరండాలోనే కూర్చుంది, లోపలికి రానంది. "మళ్ళీ ఆశ పెట్టకండమ్మా. బెల్లం ఉప్పు అంటే పిల్లి కూడా చెవి తిప్పుద్ది. ఆయన ఆయనేనని నాకెలా తెలుస్తాది?" అంది.

"ఆంటీ అడిగింది సరైన ప్రశ్నే" అంది రోజ్‌లిన్ లోపలికొచ్చి. "సార్, ఈ గదిలో ఎవరికీ తెలియనిది, ఆంటీకి కూడా తెలియనిది, బయట ఎవరినైనా అడిగి తేల్చుకోగలిగినది ఒకటి చెప్పండి."

అక్షరాలు ఎలా ఎంచుకోవాలో తనే ఏర్పాటు చేసింది. ముందు వరసలు చదువుతుంది: అచ్చులు, క వర్గం, చ వర్గం, అలా. నా వరస రాగానే నేను వేలు మోస్తాను. తర్వాత ఆ వరసలో అక్షరాలు, ఆ తర్వాత గుణింతం. ఒకటో తరగతిలో పలక పట్టుకుని నేర్చుకున్నది అరవై మూడో ఏట నన్ను ఒడ్డున పడేస్తుందని ఎవరనుకున్నారు?

ఏం చెప్పాలా అని రాత్రంతా ఆలోచించాను. ఏదో మంచి మాట చెప్పొచ్చు. రత్నం మనసు చల్లబడే మాట. కానీ మంచి మాటలు అరటి దూట కూడా చెప్పింది. రత్నం నా నోట్లో ఎన్నడూ పెట్టని మాట కావాలి. అది నాకు తెలుసు. పదిహేడేళ్ళుగా తెలుసు. అది చెప్పాక రత్నం మళ్ళీ ఈ గదిలో అడుగుపెట్టకపోవచ్చని కూడా తెలుసు. చెప్పకపోతే నేను ఉన్నా లేనట్టే.

రెండు రోజులు పట్టింది. చ వర్గంలో మూడో అక్షరంతో మొదలుపెట్టాను.

జీపు ఉంది. అబద్ధం చెప్పాను. అప్పన్నని అడగండి.

అది రత్నం వాళ్ళమ్మ పోయిన రోజు జీపేనని రోజ్‌లిన్ పాత రీడింగులను బట్టి పోల్చుకుంది గానీ, నిజమేమిటో తనకీ తెలీదు. ఉమాపతికీ తెలీదు. వాళ్ళు రత్నం దగ్గరికి వెళ్ళి, నా మాటలు రాసుకున్న కాగితం చూపించకుండా, అప్పన్న ఎవరని మాత్రం అడిగారు. మా ఆఫీసు డ్రైవరు, రిటైరై చోడవరంలో ఉంటున్నాడు అని చెప్పి నంబరు ఇచ్చింది. అందరినీ నా మంచం చుట్టూ కూర్చోబెట్టి రోజ్‌లిన్ స్పీకర్లో ఫోన్ చేసింది. రత్నం గుమ్మం దగ్గర నిలబడింది. రోజ్‌లిన్ అప్పన్నని, జోగారావుగారి అత్తగారు పోయిన రోజు ఆఫీసు జీపు ఎక్కడుంది అని మాత్రమే అడిగింది. ఇంకో ముక్క అందించలేదు.

"ఆ దినమా? ఎలా మర్సిపోతానమ్మా" అన్నాడు అప్పన్న. "జీపు సెడ్లోనే ఉంది. ఆయిలు మార్సి, తుడిసెట్టి, బొబ్బిలి ఎల్తారేమోనని తాళాలట్టుకు కూకున్నాను. సారు రాలేదు. బెల్లం మార్కెట్టు మీద దాడి ఉందన్నారు, పేపరోళ్ళొత్తారన్నారు. ఎవులికీ సెప్పొద్దన్నారు, నాను సెప్పనేదు. ఇప్పుడెందుకమ్మా, సారు బాగున్నారా?"

రోజ్‌లిన్ కాగితం తీసుకెళ్ళి రత్నం చేతికిచ్చింది.

కాగితం నలిగిన చప్పుడు విన్నాను. తర్వాత అడుగులు, గబగబా, మంచం దాకా.

"పదిహేడేళ్ళు!" అంది రత్నం. "పదిహేడేళ్ళు జీపు పాడైందనుకున్నానయ్యా! రెండు బస్సులు మారి, నిలబడి వెళ్ళాను! పేపర్లో ఫొటో కోసమా? మా అమ్మ కన్నా ఆ ఫొటో ఎక్కువైపోయిందా నీకు?"

పెళ్ళయ్యాక తను నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. ఉమాపతి ఆపబోతే రోజ్‌లిన్ వారించినట్టుంది. తిట్టింది, కడుపులో ఉన్నదంతా కక్కేసింది. నాకు జవాబు చెప్పే దారి లేదు, ఉన్నా చెప్పేవాణ్ణి కాదు. ఒక్కో మాటా ఒంటికి తగులుతుంటే ఎంత బావుందో చెబితే మీరు నమ్మరు. ఇన్నాళ్ళూ తను దూటని క్షమించింది. ఇప్పుడు తిడుతున్నది నన్ను.

కాసేపటికి గొంతు అలసిపోయింది. ముక్కు తుడుచుకుంది.

"ఇది నా మాట కాదమ్మా" అంది రోజ్‌లిన్‌తో. "నేను కలలో కూడా ఇలా అనుకోను. ఇది ఈయనే. ఉన్నాడు, లోపలే ఉన్నాడు."

దేవుడి దయో, ఉమాపతి ఊహో, రోజ్‌లిన్ అనుమానమో, ఎవరికి మొక్కాలో నాకు తెలీలేదు. ఉమాపతి ఊహించకపోతే పట్టీయే లేదు. రోజ్‌లిన్ అనుమానించకపోతే దాన్లో నేను లేను. ముగ్గురికీ కలిపి మొక్కాను.

ఇది రాయడానికి నాకు పదమూడు నెలలు పట్టింది. వేలు ఇప్పుడు కొంచెం తొందరగా కదులుతోంది, భుజం నొప్పి అని చెప్పగలుగుతున్నాను, సీరియల్ ఆపించగలుగుతున్నాను. ఆ నలభై మూడు మందిలో తొమ్మిదిమంది బొటనవేళ్ళలోనూ, రెప్పల్లోనూ అలాంటి మిణుకులే దొరికాయి. మిగతావాళ్ళ గురించి ఎవరైనా అడిగితే రోజ్‌లిన్ ఇంకా తెలీదనే చెబుతుంది.

ఆ సాయంత్రం సంగతి మాత్రం చెప్పి ముగిస్తాను. రోజ్‌లిన్ తప్ప అందరూ వెళ్ళిపోయారు. రత్నం నా దగ్గరికొచ్చి, నన్ను ముట్టుకోకుండా కూర్చుంది.

"ఇంకేవన్నా దాచారా?" అంది.

మళ్ళీ మీరులోకి వచ్చింది. అది చాలు నాకు. రోజ్‌లిన్ గడియారం చూస్తోందని తెలుసు. బస్తా భుజానికెత్తుకున్నాను. లేదు అనాలంటే వేలు కదపకుండా ఊరుకుంటే సరిపోతుంది, అది తేలిక. పది సెకన్లు. పదిహేను. పంతొమ్మిదో సెకనుకి వేలు కదిలింది.

"అవును అంటున్నారు ఆంటీ" అంది రోజ్‌లిన్, భయంభయంగా.

కుర్చీ నేల మీద గీరుకుంటూ మంచం దగ్గరికి జరిగింది. రత్నం కళ్ళజోడు పెట్టె టప్పున తెరిచిన చప్పుడైంది, అక్షరాల కాగితం రెపరెపలాడింది.

"అయితే చెప్పండి. నాకేం పనుంది?" అని, బడిలో పంతులమ్మలా గొంతు సవరించుకుని, అచ్చుల నుంచి మొదలుపెట్టింది.